అమ్మ కంట్ల పెట్టిన స్టెంట్ బయటికొచ్చింది, మీకెవరికన్న ఇట్లయిందా?

మాది దేవరకొండ దిక్కు. మా అమ్మకు 58 ఏండ్లు, రెండేండ్ల సంది ఎడమ కంట్లకెళ్లి ఊకె నీళ్లు కారుతుండె, ముక్కు పక్కన ఒత్తితే చీము వస్తుండె. హైదరాబాద్‌ల డీసీఆర్ ఆపరేషన్ (కన్నీళ్లు ముక్కులకు పోయేటందుకు కొత్త దారి చేసేది) చేసిన్రు, ముక్కులకెళ్లే చేసిన్రు, బయట కోత లేదు, ఆ దారి మూసుకపోకుండ సిలికాన్ స్టెంట్ (సన్న ట్యూబు) పెట్టి 6 వారాలకు తీస్తమన్నరు. ఇయ్యాల్టికి 24 రోజులు. నీళ్లు పూర్తిగ ఆగినయ్, అందుకే ఇప్పుడు ఇంత భయమైతుంది.

మొన్న రాత్రి గట్టిగ తుమ్మింది, పొద్దుగాల లేసి చూస్తే ముక్కు దిక్కు కంటి మూలకు సన్న దారం లెక్క కనవడే ట్యూబు అర ఇంచు దాక ఉంగరం లెక్క బయటికొచ్చి వేలాడుతుంది, రెప్ప కొట్టినప్పుడల్ల నల్లగుడ్డుకు రాసుకుంటుంది. కన్ను కొంచెం ఎర్రగుంది, చీము లేదు, నొప్పి లేదు, చూపు మంచిగనే ఉంది.

ఆస్పత్రికి ఫోన్ చేస్తే గుంజొద్దు, కత్తిరించొద్దు, టేపుతోని ముక్కు పక్కకు అతికించి తీస్కరమ్మన్నరు, కానీ ఆపరేషన్ చేసిన డాక్టర్ గురువారమే దొరుకుతడంట. టేపు మూడుసార్లు మార్చిన, చెమటకు ఊడొస్తుంది, ఎంత చెప్పినా కొంగుతోని కన్ను తుడుసుకునే అలవాటు పోతలేదు, అదే నాకు పెద్ద బుగులు. నల్లగొండల కంటి డాక్టర్‌కు చూపిస్తే చుక్కల మందు రాసిచ్చి, ట్యూబు మాత్రం పెట్టినోళ్లే ముట్టాలె అన్నడు.

మీ ఇంట్ల ఎవరికన్న ఇట్ల బయటికొస్తే ముక్కులకెళ్లి మళ్ల లోపలికి సర్దిన్రా, లేకపోతే టైమ్ కంటె ముందే తీసేసిన్రా, తీసేసినంక నీళ్లు మళ్ల కారినయా?