వీధి రెండుగా చీలిపోయింది, కనీసం పలకరింపులైనా మళ్లీ మొదలవ్వాలంటే ఏం చేయాలి?

వీధి చివరి ఇల్లు:

అందరికీ నమస్కారం. మా వీధిలో ఎన్నికలప్పుడు మొదలైన గొడవ ఇంకా చల్లారలేదు. మొదట వాట్సాప్ గ్రూపులో మాటా మాటా పెరిగింది, ఆ గ్రూపు కాస్తా రెండైంది, ఇప్పుడు మనుషులూ రెండు వర్గాలయ్యారు. ఎవరు ఎవరికి ఓటేశారన్నది అందరూ ఎప్పుడో పక్కన పెట్టేశారు. కానీ పైపు పగిలినా, బండి అడ్డంగా పెట్టినా, పిల్లలు గట్టిగా అరిచినా ‘వాళ్లు కావాలనే చేస్తున్నారు’ అంటున్నారు. ఎదురుపడితే తల తిప్పుకుంటున్నారు, నిన్నమొన్నటిదాకా కలిసి ఆడుకున్న పిల్లల్ని ‘ఆ ఇంటికి వెళ్లొద్దు’ అంటున్నారు. ఒంటరిగా ఉండే ఒక పెద్దావిడకి జ్వరం వచ్చి మంచాన పడితే పక్కింటివాళ్లకి కూడా తెలియలేదు, దూరంగా ఉంటున్న కూతురు ఫోన్ చేసి అడిగితే తప్ప. అది విన్నప్పటి నుంచి మనసు మనసులో లేదు. నాకూ రాజకీయంగా ఒక అభిప్రాయం ఉంది, దాన్ని మార్చుకోవాలని లేదు, ఎవర్నీ మార్చమని అడగాలనీ లేదు. మనిషిని మనిషిగా చూసుకునే మర్యాద తిరిగి వస్తే చాలు. అందర్నీ పిలిచి ఒక మీటింగ్ పెట్టి మనసులో ఉన్నది మాట్లాడుకోమంటే బాగుంటుందా?

పాత కాపురం:

మీటింగ్ మాత్రం ఇప్పుడే వద్దండి. కోపాలు ఇంత మీద ఉన్నప్పుడు అందరి ముందూ మాట్లాడమంటే ఎవరి వర్గం ముందు వాళ్లు తగ్గకూడదనుకుంటారు, పాత విషయాలన్నీ బయటికొస్తాయి.

1954లో అమెరికాలోని ఓక్లహామాలో ముజఫర్ షెరీఫ్ అనే సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్త బృందం ఒక వేసవి శిబిరంలో పదకొండేళ్ల వయసు పిల్లలు 22 మందిని రెండు జట్లు చేసి పోటీలు పెట్టింది. కొద్ది రోజుల్లోనే ఒక జట్టు జెండాని ఇంకో జట్టు తగలబెట్టే దాకా వెళ్లింది. తర్వాత ఆ రెండు జట్లనీ కలిపి భోజనాలు పెట్టారు, సినిమాలు చూపించారు, ఏమీ లాభం లేకపోయింది, భోజనాల దగ్గరే తిట్టుకుని తిండి విసురుకున్నారు. శిబిరానికి నీళ్లు ఆగిపోయినప్పుడు, సరుకులు తెచ్చే లారీ మొరాయించినప్పుడు మాత్రం అందరూ కలిస్తే తప్ప పని అయ్యేలా లేదు. అంతకుముందు ఒకరి మీద ఒకరు పోటీపడి లాగిన తాడునే లారీకి కట్టి రెండు జట్లూ కలిసి లాగాయి. అలాంటి పనులు కొన్ని వరసగా చేశాకే ద్వేషం తగ్గింది. (ఆ ఇబ్బందులన్నీ పరిశోధకులు కావాలని కల్పించినవే. పిల్లల మీద అలాంటి ప్రయోగానికి ఇవాళ ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా.)

అందుకే ఊరికే ఒకచోట చేర్చడం సరిపోదు, ఇద్దరికీ అవసరమైన పని ఒకటి కావాలి. మీ వీధిలో రెండు వర్గాల వాళ్లనీ సమానంగా ఇబ్బంది పెడుతున్నది ఏంటో చూడండి. వెలగని వీధి దీపాలో, పొంగే డ్రైనేజీయో, పిల్లలు తిరిగే చోట స్పీడుగా దూసుకొచ్చే బండ్లో. దాని గురించి ఒక అర్జీ రాసి, ఇటు నుంచి ఒకరు, అటు నుంచి ఒకరు సంతకం పెట్టి ఇద్దరూ కలిసే ఆఫీసుకి వెళ్లాలి. ఒక వర్గం పెత్తనం చేసి రెండో వర్గం వెనక నడిస్తే మాత్రం ఇది పనిచేయదు. గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త కూడా అదే 1954లో వివక్ష మీద రాస్తూ చెప్పింది ఇదే: కలిసేవాళ్లు సమాన స్థాయిలో ఉండాలి, ఒకే లక్ష్యం ఉండాలి, సహకారం ఉండాలి, అధికారంలో ఉన్నవాళ్ల మద్దతు ఉండాలి.

మూడో అంతస్తు:

పైన చెప్పినదంతా నిజమే కానీ అర్జీ దాకా వెళ్లడానికి ముందు ఇంకో మెట్టు ఉందని నాకనిపిస్తుంది. ఆ పెద్దావిడ దగ్గరికి ఎవరైనా వెళ్తున్నారా? ముందు మీరు వెళ్లండి. మళ్లీ వెళ్లేటప్పుడు అవతలి వర్గంలో కాస్త మెత్తగా ఉండే ఒకరిని ‘నాతో ఒకసారి వస్తారా, ఆవిడకి మందులు తెచ్చిపెట్టాలి’ అని పిలవండి. రాజకీయం ఊసే వద్దు. పలకరిస్తే మొహం మీదే తలుపేస్తారేమో అనే భయం మనలో చాలామందికి ఉంటుంది, అవతలివాళ్లకీ అదే భయం, అందుకే ఎవరూ ముందడుగు వేయరు. మనం చేసే చిన్న మంచి పని, చెప్పే మంచి మాట ఎదుటివాళ్లకి ఎంత సంతోషమిస్తుందో మనం తక్కువగా అంచనా వేస్తామని మనస్తత్వ పరిశోధనల్లో మళ్లీ మళ్లీ తేలింది.

ఇంకోటి, ‘వాళ్లంతా అలాంటివాళ్లే’ అని మనం ఊహించుకునేది చాలాసార్లు తప్పు. 2019లో వెలువడిన ఒక సర్వేలో అమెరికాలోని రెండు ప్రధాన పార్టీల మద్దతుదారుల్నీ అడిగి చూస్తే, అవతలి పార్టీలో తీవ్రమైన అభిప్రాయాలున్నవాళ్లు నిజంగా ఉన్నదానికంటే చాలా ఎక్కువని రెండు వైపులా అనుకుంటున్నారట. వార్తలు ఎక్కువగా ఫాలో అయ్యేవాళ్లే ఎక్కువ పొరబడ్డారు. మీ రెండు గ్రూపుల్లోనూ రోజూ గట్టిగా అరిచేది ఎంతమంది? మిగతావాళ్లంతా విసిగిపోయి మౌనంగా ఉండి ఉంటారు. వాళ్లతో మొదలుపెట్టండి.

నిలదీత:

నేను ఒప్పుకోను. మర్యాద మర్యాద అంటారు కానీ ఆ మాట ఎక్కువగా వినిపించేది దెబ్బ తిన్నవాళ్లకే. ఒక ఇంటివాళ్లని గ్రూపులో నానా మాటలూ అని, వాళ్ల పిల్లల్ని ఆటల్లోంచి వెళ్లగొట్టి, ఇప్పుడు ‘పోనీలెండి, అందరం కలిసి ఉందాం’ అంటే అది దయ ఎలా అవుతుంది? ముందు జరిగినదానికి సమాధానం చెప్పమనండి.

పాత కాపురం:

మీ కోపం నాకు అర్థమైంది, అందులో న్యాయం ఉంది. మర్యాదగా ఉండటమంటే నోరు మూసుకోవడం కాదు. మనసు నొప్పించిన మాట ఏదైనా ఉంటే అన్న మనిషి దగ్గరికే నేరుగా వెళ్లి, ఇద్దరే ఉన్నప్పుడు, ‘మీరు ఫలానా రోజు ఈ మాట అన్నారు, మా పిల్లాడు విన్నాడు, మాకు చాలా బాధేసింది’ అని చెప్పాలి. చెప్పాల్సింది గట్టిగానే చెప్పొచ్చు, కానీ ‘మీవాళ్లంతా ఇంతే’ అన్న ఒక్క మాట కలిస్తే చాలు, అది ఇద్దరి మధ్య విషయం కాకుండా పోతుంది. ఆ అన్నవాళ్లు క్షమాపణ చెప్పుకోవాల్సింది కూడా ఆ ఇంటికి వెళ్లే, గ్రూపులో చేతులు జోడించిన బొమ్మ పెట్టి కాదు. బెదిరింపులు, చేయి చేసుకోవడం లాంటివి జరిగి ఉంటే అది వేరే విషయం, ఫిర్యాదు చేయాల్సిందే, సర్దుకుపొమ్మని ఎవరూ అనకూడదు.

ఇరుగుపొరుగు:

పుకార్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. 1970లోనూ 1984లోనూ మహారాష్ట్రలోని భివండీలో పెద్ద హిందూ ముస్లిం అల్లర్లు జరిగాయి. ఆ తర్వాత అక్కడ ఒక పోలీసు అధికారి చొరవతో పేటపేటకీ మొహల్లా కమిటీలు వేశారు, వాటిలో రెండు మతాల వాళ్లూ ఉన్నారు, గొడవలేం లేని రోజుల్లో కూడా క్రమం తప్పకుండా కలిసేవాళ్లు. 1992 డిసెంబరు, 1993 జనవరిలో పక్కనే ఉన్న బొంబాయి తగలబడుతుంటే భివండీ ప్రశాంతంగా ఉంది. ఏదైనా పుకారు వస్తే అవతలివైపు ఫోన్ చేసి అడగడానికి తెలిసిన మనిషి ఉండటం ఎంత పెద్ద విషయమో చూడండి.

మీ వీధిలోనూ అంతే. ఇటు ఇద్దరు, అటు ఇద్దరు ముందే మాట అనుకోండి: గ్రూపులో ఎవరి గురించైనా చెడ్డగా ఏదైనా వస్తే ఫార్వర్డ్ చేయకముందే ఒకరికొకరు ఫోన్ చేసుకుంటామని. టెన్షన్ పెరిగాక ఈ నంబర్ల కోసం వెతుక్కుంటే లాభం ఉండదు.

వీధి చివరి ఇల్లు:

అందరికీ చాలా థాంక్సండి. మీటింగ్ ఆలోచన మానేశాను. పెద్దావిడ ఇంటికి వెళ్లి వచ్చాను, అవతలి వర్గంలో ఒకావిడ నాతో రావడానికి ఒప్పుకుంది, వీధి దీపాల అర్జీ గురించి మాటల్లో ఆవిడే ఎత్తింది. నిలదీత గారు చెప్పినట్టు ఒక కుటుంబానికి నిజంగానే అన్యాయం జరిగింది, వాళ్లతో విడిగా మాట్లాడి వాళ్లకేం కావాలో ముందు అడుగుతాను. నాకున్న అనుమానం ఒక్కటే, దీపాల పని అయిపోయాక మళ్లీ ఎవరి దారి వాళ్లదే అయిపోతే?

మూడో అంతస్తు:

అవ్వొచ్చండి, అది మీ ఊహ కాదు. ఇరాక్‌లో ఐసిస్ దాడులతో నిర్వాసితులైన క్రైస్తవ ఆటగాళ్లని కొన్ని ఫుట్‌బాల్ జట్లలో ముస్లింలతో కలిపి ఆడించిన ప్రయోగం ఫలితాలు 2020లో వచ్చాయి. కలిసి ఆడినవాళ్లు ఆట అయిపోయాక కూడా ముస్లిం ఆటగాళ్లతో సాధన కొనసాగించారు, కానీ మైదానం బయట ముఖపరిచయం లేని ముస్లింల విషయంలో పెద్దగా మార్పు రాలేదు. అంటే ఒక అర్జీతో వీధి మొత్తం మారిపోతుందని ఆశపడొద్దు, కలిసి తిరిగిన మనుషుల మధ్య మాత్రం ఆ స్నేహం నిలుస్తుంది. కాబట్టి ఒక పని పూర్తయ్యేలోపే రెండోది మొదలుపెట్టండి, ప్రతిసారీ జంటల్ని మార్చండి, ఇప్పటిదాకా ఒకరితో ఒకరు మాట్లాడుకోని ఇళ్లవాళ్లే జంటగా పడేట్టు చూడండి. పెద్దావిడ దగ్గరికి ఏ రోజు ఎవరు వెళ్లాలో వంతుల కాగితం ఒకటి రాసుకోండి, దాంతోనే మొదలుపెట్టొచ్చు.