తిండి, నడక మన చేతిలో ఉన్నాయా, మనుండే వీధి చేతిలోనా?

పెన్నాగట్టు (నెల్లూరు): పోయిన నెల ఇంగ్లండు కేంబ్రిడ్జ్‌లో మా పిల్ల కాడికి పోయినప్పుడు, మనుషుల తిండి మీదా నడక మీదా చుట్టుపక్కల ప్రభావం ఎంతుందో చూసే రీసెర్చ్ వాళ్ళ దగ్గరికి తీసకపోయింది, అరపూట కూర్చున్నా. 2011లో అక్కడ బస్సులకని వేరే దారి వేసి పక్కనే సైకిళ్ళకీ నడిచేవాళ్ళకీ బాట వేశారు, ఆ దారికి దగ్గర్లో ఉండేవాళ్ళు పనికి సైకిల్లో పోవడం పెరిగింది, అదీ అంతకుముందు అసలు తొక్కనోళ్ళలోనే ఎక్కువ. ఇక్కడ డాక్టరు చీటీ మీద రోజూ నడవమని రాస్తాడు, ట్రంకు రోడ్డులో ఎక్కడ నడవాలి? ముందు వీధి బాగుచేసి తర్వాత మమ్మల్ని తిట్టండి.

ఒంగోలు నాలుగున్నర: వీధి మీద నెట్టేస్తే ఎట్టన్నా? నేను కర్నూలు రోడ్డు వెంబడే రోజూ నాలుగున్నరకి లేచి నడిచి రెండేళ్ళలో 14 కిలోలు తగ్గా. నాకెవరు బాట వేశారు?

దర్శి కుర్రోడు: అక్కడ చలి, మనకి రోహిణి కార్తెలో రోళ్ళు పగుల్తాయి. పోలికేంది?

పెన్నాగట్టు: ఎండ సంగతి తర్వాత, తిండి సంగతి విను. 2014లో ఆ కేంబ్రిడ్జ్ రీసెర్చ్ వాళ్ళు 5,442 మంది లెక్క బయటపెట్టారు, ఇంటి కాడ, ఆఫీసు కాడ, మధ్య దారిలో పార్సిల్ తిండి కొట్లు ఎక్కువున్నోళ్ళ బరువు కూడా ఎక్కువే. ఒకమ్మాయి మ్యాప్ చూపించింది, ఇంటి నుంచి ఆఫీసుకి ఒక గీత, గీత వెంబడి చుక్కలు, ఒక్కో చుక్క ఒక్కో కొట్టు. అది చూస్తా మా వీధి మనసులో గీసుకున్నా. పునుగుల బండి, బజ్జీల బండి, రెండు బేకరీలు, పరోటా, మలై కాజా. పండ్ల బండి ఒక్కటే, అదీ ఆరుకల్లా పోతుంది.

కావలి లెక్కల మాస్టారు: తినేవాళ్ళున్నారని కొట్లు పెట్టారో, కొట్లున్నాయని తిన్నారో ఒకసారి లెక్కేస్తే తెలవదు. బస్సు దారి లెక్క నయం, ముందూ వెనకా చూశారు.

ఒంగోలు నాలుగున్నర: అదే నేననేది. నోరు కట్టుకోలేనోడు, నాలుగున్నరకి లేవలేనోడు చెప్పే సాకులివి.

పెన్నాగట్టు: సాకా? మా ఇంటామె రెండేళ్ళ క్రితం మూతలేని కాలవలో కాలు పడి మడమ విరగ్గొట్టుకుంది. ఆరోజు ఆగిన నడక మళ్ళీ మొదలు కాలా, సుగర్ మాత్ర ఒకటి మూడైంది. నాలుగున్నరకి చీకట్లో ఒంటరిగా పొమ్మంటావా ఆమెని?

కందుకూరు అక్క: మగోళ్ళు చెప్పినంత సులువు కాదు తమ్ముడూ, ఒకపక్క కుక్కలు, ఒకపక్క ఆకతాయిలు.

ఒంగోలు నాలుగున్నర: వదిన సంగతి తెలవదన్నా, మన్నించు. కానీ నా బాధ వేరే. మా నాయన లారీ ఆఫీసులో గుమాస్తా, మెట్లు దిగితే పరోటా కొట్టు. పదేళ్ళు రాత్రి తిండి అక్కడే. సుగరొచ్చి ముందు రెండు వేళ్ళు, తర్వాత పాదం తీసేశారు. నోరు కట్టుకోలేదని ఆయన పోయేదాకా తిడతానే ఉన్నా. ఇప్పుడు తప్పు మెట్ల కింద కొట్టుదంటే, ఆ తిట్లన్నీ నేనేం చేసుకోవాలి?

పెన్నాగట్టు: ఆ పదేళ్ళూ ఆ మెట్ల కింద తినడానికి ఇంకేమన్నా దొరికేదా తమ్ముడూ?

ఒంగోలు నాలుగున్నర: టీ బంకు ఒకటుండేది. అంతే.