ఎలకలకి మందు పెట్టాలా, బోనుతో సరిపోద్దా? మా ఇంట్లో తెగడం లేదు, మీరు చెప్పండి

కోవూరోడు:
అందరికీ నమస్తే. మాది కోవూరు పక్కన పల్లె, ఇంటెనక గోడ దాటితే పొలాలే. కోతలు అయిపోయిన కాడ్నించి ఎలకలు ఇంట్లోకి దిగినాయి, రాత్రయితే సజ్జ మీద ఒకటే పరుగులు, తిండికని పెట్టుకున్న వడ్ల గోతాలు అడుగునుంచి కొరికేసినాయి, వాషింగ్ మిషన్ పైపు ఇప్పటికి రెండుసార్లు మార్చినాం. మా నాయన ట్యూబు మందు తెచ్చినాడు, రొట్టెకి పూసి పెడితే రెండ్రోజుల్లో పనైపోద్ది అంటాడు. మా ఇంటామె మాత్రం పిల్లోడు పాకతా ఉండాడు, కనపడిందల్లా నోట్లో పెట్టుకుంటాడు, ఇంట్లో మందు పెడితే నేను పుట్టింటికి పోతా అంటది. నాకైతే మందు పెట్టాలనే ఉంది, ఎందుకంటే బోను పెట్టి పది రోజులైతే పడింది ఒక్కటే ఒకటి, అది కూడా మూతి పొడుగ్గా ఏందో వేరేగా ఉండింది, ఒకటే కంపు. నీళ్లల్లో ముంచి చంపేసినాం. మీ ఇళ్లల్లో ఎట్టా చేస్తన్నారు, నిజంగా పనిచేసింది చెప్పండి.

కావలి షాపు:
అన్నా నేను పురుగుమందుల షాపులో చాలా ఏళ్లనించి ఉన్నా. ముందు ఒక మాట, నీకు బోనులో పడింది ఎలక కాదు, చుంచు. మూతి కోసుగా ఉంటది, కళ్లు ఉన్నాయా లేవా అన్నట్టు చిన్నవి, గోడ ఎంబడే కిచకిచమంటా పోతది, ఆ కంపు దాని ఒంట్లో గ్రంథి నించి వస్తది. అది ఎలకల జాతే కాదు, బియ్యం బస్తా కొరకదు, బొద్దింకలు చిమ్మెటలు వానపాములు తిని బతుకుతది. నీ గోతాలు కొరికింది వేరే, నువ్వు చంపింది వేరే.

షాపుకొచ్చే ప్రతోళ్లూ ఎలకల మందియ్యి అంటారు, ఏ ఎలకయ్యా అంటే మొహం చూస్తారు. మన ఇళ్లల్లో తిరిగేవి ముఖ్యంగా మూడు. సజ్జ మీద పరిగెత్తేది ఇంటెలక, సన్నగా ఉంటది, చెవులు పెద్దవి, తోక ఒంటికన్నా పొడుగు, కేబుల్ వైరు మీద కూడా నడిచి పక్క మిద్దెకి పోగలదు. చిట్టెలక వేలంత ఉంటది, పెన్సిలు దూరే సందుంటే చాలు అదీ దూరిపోద్ది, బట్టల బీరువాలో, పాత పుస్తకాల్లో చింపిన కాగితాలతో గూడు పెడతది, దాని పెంటికలు బియ్యపు గింజకన్నా చిన్నవి. ఇంటెలకవి దానికి రెండింతలు పొడుగు, కొసలు సన్నగా ఉంటాయి. ఇంక మూడోది పందికొక్కు. అది ఎక్కువ నేల మీదే, పునాది పక్కన బొక్క తవ్వి బయట మెత్తటి మట్టి కుప్ప పోస్తది, తోక ఒంటికన్నా పొట్టి, ఎదురుపడితే గుర్రుమంటది.

రేపు పొద్దున లేచి సజ్జ మీద, గోడ మూలల్లో, ఇంటి చుట్టూ చూసి నీ ఇంట్లో ఏముందో చెప్పు, అప్పుడు మందా బోనా మాట్లాడుకుందాం.

బుచ్చి రైతు:
షాపు అబ్బాయి చెప్పింది బాగానే ఉంది కానీ ఊరికే పేర్లు కనుక్కుంటా కూర్చుంటే గోతాలు ఖాళీ అయిపోతాయి. నాది నాలుగెకరాలు, బుచ్చి కాడ. పందికొక్కు బొక్క తవ్వి చూసినోడికి తెలుస్తది ఆ కడుపుమంట, వరి కంకులు నీట్‌గా కోసుకొచ్చి లోపల అరలో పేర్చి పెట్టుకుంటది, ఒక్కో బొక్కలో బుట్టెడు కంకులు తీసిన రోజులుండాయి. దానికి బోను పెడితే ఏమొస్తది? మందే. ఆడ ఎలక కడుపు నిలిచిన మూడు వారాలకే ఈనతది, ఈతకి ఆరేడు పిల్లలు, ఆ పిల్లలు రెండు మూడు నెలలకే మళ్లీ ఈనతాయి. నువ్వు రోజుకొకటి బోనులో పట్టేలోపు లోపల పది పుడతాయి.

(ఒక సంగతి తెలుసా, ఇంగ్లీషోళ్లు బ్యాండికూట్ అంటారే, అది మన పందికొక్కు మాటే. తెలుగోళ్ల నించి తీసుకుపోయినారు.)

ఒంగోలు సిస్టర్:
నేను నర్సుని, ఎమర్జెన్సీ వార్డులో చేశాను. కోవూరు తమ్ముడూ, మీ నాన్నగారు తెచ్చిన ట్యూబు మందు పేస్టులాగా ఉండి చీకట్లో కొంచెం మెరుస్తుందా? అయితే అది పసుపు భాస్వరం. దయచేసి ఇంట్లో పెట్టొద్దు. దానికి విరుగుడు లేదు. తిన్న రోజు వాంతులవుతాయి, తర్వాత ఒకట్రెండు రోజులు మనిషి మామూలుగా కనపడతాడు, తగ్గిపోయిందనుకుని ఇంటికి తీసుకెళ్లిపోతారు, ఆ తర్వాత కళ్లు పచ్చబడి లివర్ దెబ్బతిని మళ్లీ తీసుకొస్తారు, అప్పటికి మా చేతుల్లో ఏమీ ఉండదు. రొట్టెకి పూసి పెడితే పాకే పిల్లాడికి అది రొట్టే కదా. తమిళనాడులో ఆ పేస్టుని నిషేధించారు కూడా.

ఎవరింట్లో అయినా పొరపాటున నోట్లో పెట్టుకుంటే కక్కించాలని ఉప్పు నీళ్లు తాగించకండి, టైం పోగొట్టకండి, ఆ ట్యూబు గానీ ప్యాకెట్టు గానీ చేత్తో పట్టుకుని ఆస్పత్రికి పరిగెత్తండి. ఏ మందో తెలిస్తే సగం పని అయినట్టే. బ్రోమాడియోలోన్ బిళ్లలయితే రక్తం గడ్డకట్టకుండా చేస్తాయి, దానికి విటమిన్ కె ఇంజెక్షన్ ఉంది. మందులన్నీ ఒకటి కాదు.

బుచ్చి రైతు:
సిస్టరమ్మా నేను ఆ ట్యూబు పెట్టమని చెప్పలేదు, అది నేనూ వాడను. నేను చెప్పేది బొక్కలో పెట్టే బ్రోమాడియోలోన్. పద్ధతిగా చేస్తే పిల్లలకి అందదు. సాయంత్రం బొక్కలన్నీ మట్టితో మూసెయ్యాలి, పొద్దున చూస్తే కొన్ని మళ్లీ తెరిచి ఉంటాయి, అవే లోపల జీవముండే బొక్కలు. నూకలు 96 పాళ్లు, నూనె 2 పాళ్లు, మందు పొడి 2 పాళ్లు కలిపి పేపరు పొట్లం కట్టి, ఒక్కో పొట్లం లోపలికి తోసి మూసెయ్యడమే. వ్యవసాయ ఆఫీసోళ్లు చెప్పేదీ ఇదే, మారుటేరులో ఎలకల మీదే పనిచేసే సైంటిస్టులు ఉండారు. ఇంకోటి, ఒక్కడు పెడితే లాభం ల్యా, ఊరంతా ఒకే వారంలో పెట్టాల. లేకపోతే నీ ఎలకలు చచ్చినాక పక్కింటోడి ఎలకలు వచ్చి నీ బొక్కల్లో కాపురం పెడతాయి.

మాగుంట లేఅవుట్ ఫ్లాట్:
మాది నెల్లూరు టౌనులో అపార్ట్‌మెంటు, మాకు పొలాలు లేవు బొక్కలు లేవు, డ్రైనేజీ పైపు పట్టుకుని మూడో ఫ్లోరుకి వచ్చేస్తాయి. అందరూ జిగురు అట్ట బెస్ట్ అంటే తెచ్చి సింకు కింద పెట్టాను. రాత్రి రెండింటికి లేచి చూస్తే చిట్టెలక ఒకటి అతుక్కుని అరుస్తా ఉంది, పక్కనే బల్లిపిల్ల. దాన్ని తీయలేం, చంపలేం, అట్టతో సహా డస్ట్‌బిన్‌లో వేస్తే తెల్లారేదాకా చప్పుడు వినపడతానే ఉంది, నాకు ఆ రోజు అన్నం సయించలేదు. జంతు సంక్షేమ బోర్డు కూడా ఆ అట్టలు వాడొద్దని రాష్ట్రాలకి చెప్పింది, చాలా రాష్ట్రాలు ఆర్డర్లు ఇచ్చాయి. ఎలకని చంపడం తప్పని నేను అనడం లేదు, అట్లా రాత్రంతా చంపడం తప్పు. దాని గురించి ఎవరూ మాట్లాడరేంటి?

కనిగిరి మాస్టారు:
అమ్మా నువ్వు చెప్పింది నిజం, మా ఇంట్లో కూడా ఒకసారి అట్ట పెట్టి మళ్లీ ముట్టుకోలేదు. మందు మాత్రం పర్లేదు, తిన్న ఎలకకి దాహమేసి నీళ్ల కోసం బయటికెళ్లి అక్కడే చస్తుంది, ఇంట్లో కంపు రాదు.

కావలి షాపు:
మాస్టారూ ఏమీ అనుకోవద్దు, ఆ మాట కస్టమర్లకి మా షాపులో కూడా చెప్తా ఉంటారు కానీ నిజం కాదు. ఎలకని బయటికి పంపే మందు అంటా ఏదీ లేదు. బ్రోమాడియోలోన్ తిన్నది మూడు నాలుగు రోజులు, ఒక్కోసారి వారం దాకా బతికే ఉంటది, నీరసపడి ఎక్కడ గూడుందో అక్కడికే పోయి పడుకుంటది. సజ్జ వెనకో, సీలింగ్ పైనో, ఫ్రిజ్ మోటారు కాడో. మా అత్తగారింట్లో ఫాల్స్ సీలింగులో చచ్చి పది రోజులు హాల్లో కూర్చోలేకపోయినాం, చివరికి సీలింగు పగలగొట్టినాం, మందు ఖర్చు ఎంత, సీలింగు ఖర్చు ఎంత! ఆ చచ్చే ఎలకని పిల్లి తిన్నా గుడ్లగూబ తిన్నా ఆ మందు వాటికీ ఎక్కుతది. అందుకే సజ్జ మీద తిరిగేదానికి ఇంట్లో మందు పెట్టొద్దు అంటాను, నా వ్యాపారం పోయినా పర్లేదు.

ఆత్మకూరు పిల్ల:
అందరూ ఎలకల మీదే ఉన్నారు, బొద్దింకల సంగతి కూడా చెప్పండి ప్లీజ్, మా వంటింట్లో స్ప్రే కొట్టిన రెండు వారాలకే డబుల్ అవుతున్నాయి.

కావలి షాపు:
చెల్లెమ్మా అక్కడా ఇదే సంగతి, ఏ బొద్దింకో చూడాలి. బాత్రూము గొట్టంలోనించి వచ్చే పెద్ద ఎర్రటిదయితే జాలీ వేసి రాత్రిళ్లు మూత పెడితే సగం తగ్గిపోతది. వంటింట్లో చిన్నగా, గోధుమరంగులో, తల వెనక రెండు నల్ల చారలుంటే అది జర్మన్ బొద్దింక, ముప్పై నలభై గుడ్లున్న తిత్తిని పిల్లలు వచ్చేదాకా వెనకాలే మోసుకు తిరుగుతది. స్ప్రే కొడితే ఎదురుగా ఉన్నవి చస్తాయి, మిగతావి మిక్సీ కిందకి, స్విచ్ బోర్డులోకి చెదిరిపోతాయి. బొద్దింకల జెల్ మందు చుక్కలు తలుపు కబ్జాల దగ్గర, మూలల్లో పెట్టు, పెట్టిన చోట స్ప్రే కొట్టొద్దు, కొడితే జెల్ తినవు.

కోవూరోడు:
పొద్దున్నే చూసినా అన్నా. సజ్జ మీద కొసలు సన్నగా ఉన్న పెంటికలు, అంటే ఇంటెలకలే. బాత్రూము వెనక పునాది కాడ రెండు మట్టి కుప్పలు, నిన్న రాత్రి పోసినట్టు తడిగా ఉండాయి. సింకు కింద ఆ కంపు ఇంకా ఉండాది అంటే ఇంకో చుంచు ఉన్నట్టుంది. మా నాయనకి చూపిస్తే అన్నీ ఎలకలే గదరా, చావాలి గదా అంటాడు. చుంచుని చంపినందుకు మా నాయనమ్మ మాత్రం ఆ రోజే బాధపడింది, అది పురుగూ పుట్రా తినేది, ఎవురి జోలికీ పోదు అన్నది. అప్పుడు పట్టించుకోలేదు.

కనిగిరి మాస్టారు:
సీలింగు సంగతి తెలిశాక నేను చెప్పింది వెనక్కి తీసుకుంటున్నా. ఒక్క విషయం మాత్రం చేర్చాలి. ఎలక ఉన్నచోటికి పాము వస్తుంది. మా స్కూలు స్టోర్ రూములో ఎలకలు పెరిగాక జెర్రిపోతు వచ్చింది, దానికి విషం లేదు, వదిలేశాం. తర్వాత వచ్చింది నాగుపాము. పందికొక్కు తవ్విన బొక్కలోనే అది చేరింది. కార్తీకంలో వానలకి బొక్కల్లో నీళ్లు నిండితే రెండూ ఇంట్లోకే వస్తాయి. కాబట్టి బాత్రూము వెనక బొక్కల్ని మాత్రం ఎండాకాలంలోనే తేల్చేయండి బాబూ, చేయి పెట్టకండి.

బుచ్చి రైతు:
చూసినారా, మాస్టారు కూడా నా దారికే వచ్చినాడు. బొక్కలకి మందే.

ఒంగోలు సిస్టర్:
అన్నా బొక్కలో, ఇంటి బయట, పద్ధతిగా పెడితే నేనూ కాదనను. ఎలకల్ని ఇంట్లో ఉండనియ్యమని కూడా కాదు, వాటి మూత్రం కలిసిన బురదలో కాళ్లకి పుండ్లున్నోళ్లు దిగితే లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది, మీ పొలాల్లో పనిచేసేవాళ్లకే ఎక్కువ. నా భయమల్లా పడుకునే గదుల్లో పెట్టే మందు. 2024 నవంబరులో చెన్నై పక్కన కుండ్రత్తూరులో ఇంట్లో ఎలకల మందు పెట్టించుకుని ఏసీ వేసుకుని పడుకుంటే ఇద్దరు చిన్నపిల్లలు పోయారు. మనకి మరీ దూరమేం కాదు అది. ధాన్యంలో వేసే గ్యాసు బిళ్లలు కూడా కొందరు బస్తాల కింద పెట్టి అదే గదిలో పడుకుంటారు, ఆ గ్యాసు మనుషుల్ని చంపేస్తుంది, ఎవరైనా అట్లా చేస్తుంటే వెంటనే ఆపండి.

పెంటికలు పొడి చీపురుతో ఊడవకండి, బ్లీచింగ్ నీళ్లు చల్లి పది నిమిషాలాగి గుడ్డతో తీయండి, చేతికి కవరు వేసుకోండి.

కావలి షాపు:
కోవూరన్నా, బోనులో ఇంటెలకలు ఎందుకు పడలేదంటే అవి కొత్త వస్తువు కనపడితే కొన్నాళ్లు దగ్గరికి రావు. చిట్టెలక అట్లా కాదు, కొత్తదుంటే వెళ్లి వాసన చూస్తది. నువ్వు బోను నేల మీద పెట్టుంటావు, అందుకే చుంచు పడింది. సజ్జ మీదికి ఎక్కించు, గోడకి ఆనించి పెట్టు, తలుపు తీగతో కట్టేసి నాలుగైదు రోజులు ఊరికే తిండి పెట్టు, ఎండురొయ్య గానీ వడ ముక్క గానీ. తినడం అలవాటయినాక తలుపు విప్పు. ఒకటి కాదు, మూడు బోన్లు పెట్టు. గోతాల్ని గోడకి జానెడు దూరంగా బల్ల మీదికి ఎక్కించు, వీలుంటే రేకు డ్రమ్ముల్లో పొయ్యి. కిటికీల కాడ, పైపు పక్కన బొటనవేలు పట్టే సందులన్నీ సిమెంటులో గాజు పెంకులు కలిపి మూసెయ్యి. తిండి, సందు రెండూ ఉన్నంతకాలం మందు పెట్టినా బోను పెట్టినా కొత్తవి వస్తానే ఉంటాయి.

బుచ్చి రైతు:
సిమెంటు మాట ఒప్పుకుంటా. కానీ సజ్జ మీద ఇరవై ఎలకలుంటే మూడు బోన్లతో ఎన్నాళ్లు పడతావు? నా మాట మీదే నేనుండా.

మాగుంట లేఅవుట్ ఫ్లాట్:
ఎన్నాళ్లయినా పట్టనీండి అన్నా, పాకే పిల్లాడున్న ఇల్లది.

కోవూరోడు:
ట్యూబు సంగతి సిస్టరక్క రాసింది నాయనకి చదివి వినిపించినా. ఏమీ మాట్లాడలేదు, పోయి ట్యూబు తీసి కవర్లో కట్టి బైకు డిక్కీలో పెట్టినాడు, రేపు షాపులో తిరిగిచ్చేస్తాడంట. బొక్కలకి మాత్రం పొట్లాలు పెట్టాల్సిందే అన్నాడు, మా ఇంటామె కూడా గోడ అవతల అయితే సరే అనింది. పక్క రెండిళ్లోళ్లని కూడా అడిగినాం, ఒకరు ఒప్పుకున్నారు, ఇంకొకరు తేల్చలేదు. చుంచు జోలికి పోవద్దని నాయనమ్మ అందరికీ చెప్పింది. సజ్జ మీద బోన్లు మూడూ ఎక్కించినాం, తలుపులు తీగతో కట్టేసి వడ ముక్కలు పెట్టినాం. శనివారం తలుపులు విప్పుతా, ఎన్ని పడ్డాయో ఈడే పెడతా.