అప్‌డేట్: పాప జ్ఞానోపదేశం క్లాసు, ఇంగ్లీష్ నోట్సు సంగతి

పోయిన నెల అడిగాను. మాది కావలి, మేము హిందువులం, పాప కాథలిక్ స్కూల్లో ఏడో తరగతి. మమ్మల్ని అడక్కుండానే జ్ఞానోపదేశం (కాథలిక్ మతబోధ) క్లాసులో కూర్చోబెడుతున్నారు, ఇంగ్లీషులోనేమో బోర్డు మీద జవాబులు ఎక్కించుకోవడమే, ఏం చేయాలి అని.

రాజ్యాంగం 28వ అధికరణం చూడమని ఒకరు చెప్పారు. ప్రభుత్వ గుర్తింపో సాయమో ఉన్న స్కూల్లో మైనర్‌ని మతబోధకు కూర్చోబెట్టాలంటే తల్లిదండ్రులో సంరక్షకులో ఒప్పుకోవాలి. టెన్షన్ పడుతూనే సిస్టర్ గారిని కలిశాం. ఆమె శాంతంగా విన్నారు. కాథలిక్ పిల్లలకు ప్రార్థనలు, ఏడు సంస్కారాలు (బాప్తిస్మం లాంటి చర్చి కర్మలు) చెబుతారట, మిగతావాళ్లకు అదే పీరియడులో నీతిబోధ. పాప పేరు పొరపాటున అటు పడింది, మారుస్తామన్నారు.

తీరా పాపే వద్దంది. "మంచి సమరీయుడి కథ సగంలో ఉంది నాన్నా!" బైబిల్లో లూకా సువార్త పదో అధ్యాయంలోది. దొంగలు కొట్టి పడేసిన మనిషిని యాజకుడు (పూజారి), లేవీయుడు (ఆలయ సేవకుడు) చూసి పక్కనుంచి వెళ్లిపోతారు. పరాయివాడైన సమరీయుడు గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కడతాడు, సత్రం వాడికి రెండు దీనారాలు ఇస్తాడు. అన్నం తింటూ మొత్తం చెప్పింది.

దాన్నే ఇంగ్లీషులో సొంతంగా రాయమన్నాను. పేజీన్నర రాసింది! 'నెయిబర్' స్పెల్లింగ్‌లో జి, హెచ్ ఎగిరిపోయాయి, అయినా ప్రతి వాక్యం తనదే. ఆ కాగితం దాచుకున్నాను.

ఈ ఏడాదికి ఆ క్లాసుకు సమ్మతి రాసిచ్చాం. ఇంగ్లీష్ నోట్సు మాత్రం ఇంకా అలాగే ఉంది. పేరెంట్స్ మీటింగ్‌కి ఆ పేజీన్నర తీసుకెళ్లి టీచర్ గారికి చూపిస్తాను.