కోవిడ్ రోజుల్లో చర్మ క్యాన్సర్ పరీక్షలు వాయిదా వేయడం తప్పా, కాదా?

రేగడినేల: 2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారి అని ప్రకటించాక చాలాచోట్ల చర్మ విభాగాల్లో మామూలు పరీక్షలు ఆగిపోయాయి. ఆ ఏడాది ఎన్నో దేశాల్లో మెలనోమా (చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే ప్రమాదకరమైన క్యాన్సర్) కొత్త కేసులు తక్కువగా నమోదయ్యాయి. జబ్బు తగ్గి కాదు, చూసే దిక్కు లేక. మా నాన్న అరికాలి మీద నల్లమచ్చ అప్పటిదే. ఫోన్లో ఫోటో పంపితే "ఆనెకాయ కింద రక్తం గడ్డకట్టింది, ఆరు వారాలు చూడండి" అన్నారు. మళ్లీ చూపించేసరికి ఏడు నెలలు. బయాప్సీలో (ముక్క తీసి చేసే పరీక్ష) మెలనోమా అని తేలింది, మందం 3.2 మి.మీ. 1 మి.మీ. లోపు దొరికితే చాలామందికి కోసి తీసేస్తే సరిపోతుంది. చర్మాన్ని "అర్జెంటు కాదు" అని పక్కన పెట్టడమే తప్పంటాను.

వార్డుదీపం: నేను అప్పుడు క్యాన్సర్ వార్డులో నర్సుని. అన్నీ ఆపేశారనడం నిజం కాదండీ. ఆపినవి ఎక్కువగా బేసల్ సెల్ కార్సినోమాలు అనే ఇంకో రకం చర్మ క్యాన్సర్లు. అవి మెల్లగా పెరుగుతాయి, వేరే అవయవాలకు పాకడం చాలా అరుదు. పైపొర దాటని మెలనోమాకు బయాప్సీ అయ్యాక మిగతా సర్జరీ మూడు నెలల దాకా ఆపొచ్చని మార్గదర్శకాలే ఉన్నాయి. లోతుకు దిగినవాటికి మా దగ్గర ఆపరేషన్లు ఆగలేదు. పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు (ఒంట్లోని రక్షణ శక్తి క్యాన్సర్‌తో పోరాడేలా చేసేది) మూడు వారాలకోసారి 200 మి.గ్రా. ఇచ్చేవాళ్లం. 2020 ఏప్రిల్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆరు వారాలకోసారి 400 మి.గ్రా. ఇవ్వడానికి కూడా ఒప్పుకుంది, అలా మారినవాళ్లకు హాస్పిటల్‌కు రావడం సగానికి తగ్గింది. ఇమ్యునోథెరపీ రోగిని కోవిడ్ రోగుల మధ్య కూర్చోబెట్టమంటారా?

మబ్బుచాటు: నాకు ముక్కు పక్కన మానని చిన్న పుండు. ఏడాది పాటు మాస్క్ కిందే ఉండిపోయింది. ఇంట్లోవాళ్లు కూడా గమనించలేదు.

రేగడినేల: దీపం గారూ, మీరు బయాప్సీ అయినవాళ్ల గురించి చెబుతున్నారు. నేను బయాప్సీ దాకా రానివాళ్ల గురించి. ఆ ఫోటో ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. ట్యూబ్‌లైట్ కింద తీసింది, సగం నా చేతి నీడ. మచ్చ అంచున నీలం ఛాయ ఉండేది, అది ఫోటోలో లేదు. ఎదురుగా ఉంటే డెర్మటోస్కోప్ (మచ్చను పెద్దదిగా చూపే పరికరం) పెట్టి చూసేవారు, వేలితో నొక్కేవారు, గజ్జల్లో గ్రంథులు తడిమేవారు. ముదురు రంగు చర్మంలో మెలనోమా ఎక్కువగా వచ్చేది అరికాళ్లలో, అరచేతుల్లో, గోళ్ల కింద. అలాంటి చోట మచ్చ అంటే ఫోటో చాలు అనుకోకూడదు కదా!

ఏటిగట్టు: మచ్చ వెడల్పు 6 మి.మీ. దాటితేనే కదా అనుమానించేది? మీ నాన్నగారిది ఎంత ఉండేది?

రేగడినేల: సైజు ఒక్కటే కాదండీ. రెండు సగాలు ఒకేలా లేకపోవడం, అంచు వంకరలు, రకరకాల రంగులు, అన్నిటికన్నా ముఖ్యం మచ్చ మారుతుండటం. చిన్నగా ఉండగానే మెలనోమా అయినవీ ఉంటాయి.

ఏటిగట్టు: నేను చదివినదాంట్లో 6 అనే ఉంది.

వార్డుదీపం: ఆ 6 గొడవ వదిలేయండి. రేగడినేల గారూ, ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. ఆరు వారాలు చూడమన్నారు, మీరు ఏడు నెలలకు వెళ్లారు. మిగతా అయిదున్నర నెలలు ఎవరి ఖాతాలో వేయాలి? పీపీఈ కిట్‌లో పన్నెండు గంటలు నీళ్లు కూడా తాగకుండా పనిచేసిన మాకు ప్రతిసారీ ఇదే మాట. రానివాళ్లు రాలేదు, తప్పు మాత్రం మాది.

రేగడినేల: నా ఖాతాలోనే వేయండి. నాన్నకు 71 ఏళ్లు, షుగర్. బయటికి వస్తే బతకరని రోజూ విన్నాం. మచ్చ పెద్దదవుతోందని ఆయన రెండుసార్లు అన్నాడు. ఇప్పుడొద్దని ఆపింది నేనే. ఆ సంగతి మీరు గుర్తు చేయక్కర్లేదు. కానీ ఆరు వారాలైంది, ఎలా ఉందని అటు నుంచి ఒక్క ఫోన్ వచ్చి ఉంటే నేను ఆపేవాణ్ని కాదు.

మబ్బుచాటు: నాకూ ఎవరూ చేయలేదు.

వార్డుదీపం: అలా అడిగి ఉండాల్సింది కాదు, క్షమించండి. మా దగ్గర వాయిదా పడ్డవాళ్ల లిస్టు ఉండేది, నేనే కూర్చుని ఫోన్లు చేశాను. ఫోటో చూసి పంపేసినవాళ్లు ఆ లిస్టులో లేరు. క్యాన్సర్ అనుకోలేదు కాబట్టి ఎవరూ రాసుకోలేదు. అది తప్పే, ఒప్పుకుంటాను. వాయిదా వేయడం తప్పని మాత్రం ఒప్పుకోను. నాన్నగారు ఎలా ఉన్నారు?

రేగడినేల: గజ్జల్లో గ్రంథికి పాకింది. ఏడాది ఇమ్యునోథెరపీ ఇచ్చారు, మొన్నటి స్కాన్‌లో ఏమీ లేదు. తొడ నుంచి చర్మం తీసి అరికాలికి అతికించారు, ఎక్కువసేపు నిలబడలేడు. మీరు ఫోన్లు చేశారు, మంచిపని. వాయిదా విషయంలో నా మాట మాత్రం అదే.