బిళ్ళ గన్నేరు నుంచి మందు వచ్చినప్పుడు, బిళ్ళ గన్నేరు కషాయం మందెందుకు కాదు?

కృష్ణాతీరం:
మా పిన్నిగారికి రొమ్ము క్యాన్సర్ అని తేలిన నాటి నుంచి చుట్టాలు తలో మాట చెబుతున్నారు: ఒకరు లక్ష్మణ ఫలం ఆకులంటారు, ఒకరు పరగడుపున పసుపంటారు, నిన్న మేనత్తగారు ఎండబెట్టిన బిళ్ళ గన్నేరు ఆకులు పొట్లం కట్టి పంపారు. మొక్కల్లోని పదార్థాలు క్యాన్సర్ కణాలను నిజంగానే చంపుతాయా?

సూక్ష్మదర్శిని:
చంపుతాయి, అందులో సందేహం లేదు. బిళ్ళ గన్నేరు నుంచి తీసిన విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందుకు అమెరికాలో 1963లోనే అనుమతి లభించింది. కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములను చెరో వైపుకు లాగడానికి సన్నని దారాలు పేనుకుంటాయి. ఈ మందు ఆ దారాలకు ముడిసరుకైన ట్యూబులిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకొని, దారం పేనుకోనివ్వదు. అలా నడిమధ్యలో ఇరుక్కుపోయిన కణంలో, శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా నుంచి సైటోక్రోమ్-సి అనే ప్రోటీన్ బయటకు కారుతుంది, దాంతో కాస్పేస్‌లనే ఎంజైములు మేల్కొంటాయి, కణం తనను తానే ముక్కలు చేసుకుంటుంది. ఈ పద్ధతైన చావుకే 1972లో అపోప్టోసిస్ అని పేరు పెట్టారు. యూ చెట్టు బెరడులో దొరికిన పాక్లిటాక్సెల్‌ది దీనికి సరిగ్గా ఎదురు దారి: పేనుకున్న దారాన్ని అది విడిపోనివ్వదు. రొమ్ము క్యాన్సర్‌కు దానిని విరివిగా వాడతారు కనుక మీ పిన్నిగారి చీటీలోనూ ఉండవచ్చు.

పెరటిచెట్టు:
ఒప్పుకున్నందుకు ధన్యవాదాలు. మరి మన పెరట్లో ఊరికే పూసే మొక్కను మనమే కాచుకొని తాగితే మూఢనమ్మకమూ, అదే రసాన్ని సీసాలో పోసి వేలకు అమ్మితే శాస్త్రమూ ఎలా అవుతాయో కూడా సెలవివ్వండి.

సూక్ష్మదర్శిని:
మొదటి సంగతి, అది మన మొక్క కాదు, మడగాస్కర్‌ది. రెండోది, ఒక్క గ్రాము విన్‌క్రిస్టిన్ రావాలంటే వందల కిలోల ఎండుటాకు కావాలి. రోగికి మాత్రం వారానికి 2 మిల్లీగ్రాములు దాటనివ్వరు, ఎందుకంటే నరాలు దెబ్బతిని వేళ్ళు మొద్దుబారతాయి. మీ గ్లాసులోని కషాయంలో ఎంత ఉందో ఎవరు తూచారు?

పెరటిచెట్టు:
మడగాస్కర్ నుంచి వస్తే పరాయిదా? మిరపకాయ కూడా సముద్రాలు దాటి వచ్చిందే. అది లేకుండా ఆవకాయ పెట్టి చూపించండి.

ఒంగోలు గిత్త:
ముందు పసుపు సంగతి తేల్చండి, ఆవకాయ తరువాత.

సూక్ష్మదర్శిని:
పసుపులోని కర్కుమిన్ గాజు పళ్ళెంలో పెంచిన క్యాన్సర్ కణాలను చంపుతుంది. అయితే పసుపు పొడిలో అది ఇంచుమించు 3 శాతమే. విడిగా తీసి రోజుకు 8 గ్రాములు మింగించినా రక్తంలో కనబడేది అత్యల్పం, పేగులూ కాలేయమూ దానిని దారిలోనే మార్చేస్తాయి. లక్ష్మణ ఫలం కీమో కన్నా 10 వేల రెట్లు మేలన్న వాట్సాప్ మాట కూడా పళ్ళెంలోని కణాల మీద చూసిన ఒక ఫలితం నుంచి పుట్టిందే. అందులోని అనోనాసిన్ మైటోకాండ్రియాలో శక్తి తయారీని అడ్డుకుంటుంది, మెదడు కణమైనా దానికి ఒకటే. కరీబియన్ సముద్రంలోని గ్వాడెలూప్ దీవిలో ఈ పండునూ ఆకునూ ఎక్కువగా వాడేవారిలో వణుకుడు జబ్బైన పార్కిన్సన్‌ను పోలిన జబ్బు కనబడడంతో పరిశోధకులు ఆ పదార్థాన్నే అనుమానించారు.

పెరటిచెట్టు:
మీ లెక్కలు మీ దగ్గరే ఉంచుకోండి. మూడేళ్ళ క్రితం మా నాన్నగారిని ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకువెళ్ళి, ఊళ్ళో ఇచ్చిన కషాయం తాగవచ్చునా అని అడిగిన పాపానికి, డాక్టరుగారు తలైనా ఎత్తకుండా ఫైలు మా వైపు నెట్టి, ‘అయితే అక్కడికే వెళ్ళండి’ అన్నారు. ఆ తరువాత మేము కషాయం మానలేదు, చెప్పడం మానేశాము. నాలుగో విడతకు ముందు లివరు పరీక్షలో అంకెలు పెరిగాయని కీమో వాయిదా వేసి, ఇంకేమైనా వాడుతున్నారా అని ఆయనే అడిగారు. నాన్నగారు నా ముఖం వంక చూశారు. లేదండీ అన్నాను.

సూక్ష్మదర్శిని:
అంటే కసురుకున్నది ఆయన, అబద్ధమాడింది మీరు. మనం మాట్లాడుకున్న విన్‌క్రిస్టిన్, పాక్లిటాక్సెల్ రెండింటినీ కాలేయంలోని ఎంజైములే విరగ్గొట్టాలి. వాటి పనికి అడ్డుపడేది ఏదైనా కషాయంలో ఉంటే అదే మోతాదు ఒంట్లో విషమవుతుంది.

రాజమండ్రి రాణి:
అంత కటువుగా అనాలా అండీ?

పెరటిచెట్టు:
అననివ్వండి. ఆకు పనిచేస్తుందని నాకు మాత్రం ఏం తెలుసు? ఆసుపత్రి గదిలో మమ్మల్ని నోరు విప్పనిచ్చినవారు లేరు, ఆకు ఇచ్చినాయన అరుగు మీద కూర్చోబెట్టి గంటసేపు విన్నాడు.

సూక్ష్మదర్శిని:
నేను ప్రయోగశాలలో పనిచేసేవాడిని, రోగి ఎదుట ఏనాడూ కూర్చోలేదు. అబద్ధమన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఏం తాగుతున్నా డాక్టరుకు చెప్పి తీరాలన్నది మాత్రం తీసుకోను.

కృష్ణాతీరం:
గురువారం పిన్నిగారికి రెండో విడత ఉంది. మేనత్తగారు పంపిన పొట్లాన్ని విప్పకుండా రిపోర్టుల సంచిలోనే పెట్టాను, డాక్టరుగారికి చూపించి అడుగుతాను.

పెరటిచెట్టు:
ఆయన కసురుకుంటే?