ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ అప్‌డేట్‌కి ముందు రిగ్రెషన్ టెస్టులు మనమూ నడపాలా?

రాత్రిషిఫ్ట్:
మా టీమ్‌లో ఎంతకీ తెగని వాదన ఇది. అప్‌డేట్లు ఆగిపోయిన కొన్ని పాత సర్వర్లకి మేం ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌ని (దూరంగా ఉన్న సర్వర్లలోకి భద్రంగా లాగిన్ అయ్యే ప్రోగ్రాం) సోర్సు నుంచే బిల్డ్ చేస్తాం. బిల్డ్ అవ్వగానే ‘మేక్ టెస్ట్స్’ కొట్టి, దాంతో వచ్చే రిగ్రెషన్ టెస్టులు (పాత తప్పులు మళ్ళీ వచ్చాయేమో చూసేవి) నడిపి, అన్నీ పాసయ్యాకే సర్వర్ల మీద పెట్టాలని నా పట్టుదల. మా మేనేజర్ గారేమో, “వాళ్ళు రిలీజుకి ముందు నడిపే ఉంటారు కదా, మళ్ళీ మనకెందుకు” అంటారు.

వాళ్ళు నడిపారు, కాదనను. కానీ అది వాళ్ళ మెషీన్ల మీద. మా దగ్గర కంపైలర్ వేరు, అది వాడుకునే లిబ్‌క్రిప్టో, జీలిబ్‌సీ లైబ్రరీలు వేరు.

మొన్న జరిగింది చెప్తాను. కనెక్ట్ టెస్టు దగ్గరే ఫెయిలైంది. లాగ్ తెరిచి చూస్తే, డైరెక్టరీ పర్మిషన్లు సరిగ్గా లేవని ఎస్‌ఎస్‌హెచ్‌డీ (సర్వర్ వైపు నడిచే భాగం) మా లాగిన్ కీని తిప్పికొట్టింది. బిల్డ్ ఫోల్డర్‌కి గ్రూప్ రైట్ (గ్రూపులో ఎవరైనా రాయగలిగే హక్కు) ఉంది, కొత్త ఫైళ్ళ పర్మిషన్లు తేల్చే యూమాస్క్ 002 కాబట్టి. ఆ తనిఖీని మాన్పించడానికి టెస్టుల్లోనే ఒక వేరియబుల్ ఉంది. మా జూనియర్ అదే పెట్టబోయాడు, నేను ఆపాను. ఇంతకీ ప్రొడక్షన్‌లో కొత్త యూజర్ల హోమ్ ఫోల్డర్లు కూడా మా స్క్రిప్టు అదే యూమాస్క్‌తో 775గా తయారు చేస్తోంది! కొందరికి కీ లాగిన్ ఎందుకు పడట్లేదా అని వారం రోజులుగా జుట్టు పీక్కుంటున్నాం. ఆ టెస్టు నడపకపోతే ఇంకెన్నాళ్ళు వెతికేవాళ్ళమో.

ప్యాకేజీయే_మేలు:
సోర్సు బిల్డ్ చేసేవాళ్ళకి మీ మాట సరే. డిస్ట్రో (లినక్స్ పంపిణీ) రెడీగా ఇచ్చే ప్యాకేజీ వేసుకునేవాళ్ళకి మాత్రం ఇది వృథా శ్రమ. టెస్టులు పాసయ్యాయని గుండెల మీద చెయ్యేసుకుని పడుకోవడం ఇంకా ప్రమాదం.

2024 జులై 1న భద్రతా సంస్థ క్వాలిస్ బయటపెట్టిన ‘రిగ్రెషన్’ అనే లోపం గుర్తుందా? 2006లో పూడ్చిన రంధ్రమే అది. 2020 అక్టోబరులో లాగింగ్ కోడ్ సర్దుతుంటే ఒక ఇఫ్‌డెఫ్ (షరతు) లైను ఎగిరిపోయింది, పాత రంధ్రం మళ్ళీ తెరుచుకుంది. 8.5పీ1 నుంచి 9.7పీ1 దాకా మూడేళ్ళకి పైగా అలాగే ఉంది. ఆ మూడేళ్ళూ టెస్టులు నడుస్తూనే ఉన్నాయి, పాసవుతూనే ఉన్నాయి. లాగిన్ గడువు ముగిసి అలారం సిగ్నల్ వచ్చిన క్షణంలో, సిగ్నల్ హ్యాండ్లర్‌లో పిలవకూడని, లాగ్ రాసే సిస్‌లాగ్‌ని పిలవడం అసలు తప్పు. 32 బిట్ లినక్స్ మీద క్వాలిస్ వాళ్ళకే సరిగ్గా ఆ క్షణాన్ని పట్టుకోవడానికి, అంటే ఆ రేస్ గెలవడానికి, సగటున 10,000 ప్రయత్నాలు పట్టాయి. అలాంటిదాన్ని ఏ షెల్ స్క్రిప్టు పట్టుకుంటుంది?

పాతకాపు:
ప్యాకేజీ మీద అంత భరోసా ఎందుకండీ? డిస్ట్రో ఇచ్చే బైనరీ, ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ వాళ్ళు పరీక్షించిన బైనరీ ఒకటి కాదు. 2024 మార్చిలో బయటపడ్డ ఎక్స్‌జెడ్ (కంప్రెషన్ టూల్‌లో దొంగ కోడ్ దూర్చిన) వ్యవహారమే చూడండి. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ అసలు కోడ్‌కి ఎక్స్‌జెడ్ లైబ్రరీ లిబ్‌ఎల్‌జెడ్‌ఎంఏతో సంబంధమే లేదు. లినక్స్‌లో సర్వీసులని నడిపే సిస్టమ్‌డీకి కబురు పంపడానికి కొన్ని డిస్ట్రోలు వేసుకున్న ప్యాచ్ దారిలో ఆ దొంగ కోడ్ లోపలికొచ్చింది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ప్రోగ్రామర్ దాన్ని పట్టుకున్నది టెస్టులతో కాదు, లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని గమనించి.

అంతకుముందు 2008లో డెబియన్ (ఒక లినక్స్ డిస్ట్రో) కీల గొడవ. ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో వాళ్ళు వేసిన ప్యాచ్ వల్ల ఒక్కో రకానికి, ఒక్కో సైజుకి 32,768 కీలే పుట్టేవి, ఎవరైనా అన్నీ ప్రయత్నించి చూడొచ్చు. ఆ కీతో లాగిన్ చక్కగా అవుతుంది, టెస్టు పాసవుతుంది. నేను ఆ వారమంతా సర్వరు సర్వరుకీ తిరిగి కీలు మార్చాను.

రాత్రిషిఫ్ట్:
@ప్యాకేజీయే_మేలు, సిగ్నల్ రేస్ విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను. కానీ రిగ్రెషన్ టెస్టు ఉన్నది తెలియని తప్పుని కనిపెట్టడానికి కాదు, ఒకసారి దిద్దిన తప్పు మళ్ళీ రాకుండా కాపలా కాయడానికి. 2006 నాటి దిద్దుబాటుకి కాపలా పెట్టలేకపోయారు, అందుకే అది తిరిగొచ్చింది. దానికి మిగతా కాపలాలన్నీ తీసేయమంటే ఎలా?

క్యూఏ_అమ్మాయి:
నేను టెస్టింగ్ వైపు మనిషిని. మీరిద్దరూ ఒకటి వదిలేస్తున్నారు. ఆ టెస్టులు మన ఎస్‌ఎస్‌హెచ్‌డీ కాన్ఫిగ్‌ని ముట్టుకోనే ముట్టుకోవు. తమ కాన్ఫిగ్ తామే రాసుకుని, తమ కీలు తామే పుట్టించుకుని నడుస్తాయి. మీ ఎల్‌డ్యాప్ (యూజర్ల జాబితా), మీ పామ్ (లాగిన్ తనిఖీ) నియమాలు అందులో ఎక్కడా ఉండవు. పుట్టీ, డ్రాప్‌బేర్ అనే వేరే ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రాములు మెషీన్‌లో లేకపోతే వాటితో చేసే టెస్టులు దాటేసి, చివర్లో మాత్రం ‘ఆల్ టెస్ట్స్ పాస్డ్’ అని వస్తుంది. పైన ‘స్కిప్డ్’ అని ఉన్న లైన్లు చదివేవాళ్ళు ఎంతమంది?

మాకు తగిలిన దెబ్బ 9.8తో. ఆ వెర్షన్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌డీ రెండు ముక్కలైంది, కనెక్షన్లు చూసుకునేది ఎస్‌ఎస్‌హెచ్‌డీ-సెషన్ అయింది. లాగుల్లో పేరు మారింది. తప్పుడు పాస్‌వర్డ్లు కొట్టే ఐపీలని ఆపడానికి మేం రాసుకున్న స్క్రిప్టు పాత పేరు కోసమే వెతుకుతోంది. రెండు రోజులు ఒక్క ఐపీ కూడా బ్లాక్ కాలేదు, మేమేమో దాడులు తగ్గాయని సంతోషించాం. ఇప్పుడు స్టేజింగ్‌లో (ప్రయోగాల సర్వర్లలో) కావాలనే ఆరుసార్లు తప్పుడు పాస్‌వర్డ్ కొట్టి, బ్లాక్ అవుతుందో లేదో చూశాకే ముందుకెళ్తున్నాం. రాసింది ఇరవై లైన్లు కూడా లేదు.

ప్యాకేజీయే_మేలు:
ఇది నాకు నచ్చింది. 8.8లో ఎస్‌హెచ్‌ఏ-1 అనే పాత పద్ధతితో చేసే ఆర్‌ఎస్‌ఏ సంతకాలు డిఫాల్ట్‌గా ఆపేసినప్పుడు మా పాత నెట్‌వర్క్ స్విచ్‌లోకి లాగిన్ కాలేక టెన్షన్ పడ్డాం. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ టెస్టుల దృష్టిలో అది తప్పు కాదు, మాకు మాత్రం అర్ధరాత్రి పని. పూర్తి సూట్ నడపాలన్న మాట ఇప్పటికీ ఒప్పుకోను. అప్‌డేట్‌కి ముందు ఆ స్విచ్‌కి ఒక లాగిన్, మీ పాస్‌వర్డ్ చెక్ మాత్రం మా పైప్‌లైన్‌లో కలుపుతాను. ఆ స్క్రిప్టు ఇక్కడ పెడతారా?

క్యూఏ_అమ్మాయి:
సర్వర్ల పేర్లు తీసేసి సాయంత్రం పెడతాను.

రాత్రిషిఫ్ట్:
పూర్తి సూట్ నడిపేవాళ్ళకి రెండు మాటలు. రూట్‌గా కాకుండా మామూలు యూజర్‌తో నడపండి. 4242 పోర్టు ఇంకెవరైనా వాడుతున్నారేమో ముందే చూసుకోండి. మా దగ్గర ఎవరో ఏదో డెమో అక్కడే పెట్టి మర్చిపోయారు, దాంతో ఒక పూట పోయింది.